టూత్‌పేస్టుతో తోమిన ఐదు డాలర్లు

మొన్న వేసవి సెలవుల్లో నేనొక తప్పు చేశాను. దాని ఖరీదెంతో లెక్క కట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆ లెక్క గురించే ఈ వ్యాసం. ముందే చెప్పేస్తున్నా, నాది ఇంగ్లీష్ మీడియం తెలుగు. ఒత్తులు తప్పితే ఎడిటర్ అక్క దిద్దుతానంది, మిగతావి మీరే సర్దుకోవాలి.

మా అమ్మమ్మ బీరువాలో, పట్టుచీరల కింద, కుంకుమ భరిణెలో ఒక బంగారు నాణెం ఉంటుంది. మా మావయ్య 1999లో ఉద్యోగానికి న్యూజెర్సీ వెళ్లినప్పుడు మొదటి జీతంతో అక్కడ ఒక పాత నాణేల షాపులో కొన్నది. అమెరికా వాళ్ల ఐదు డాలర్ల నాణెం. మీద 1881 అని ఉంటుంది. "అన్నీ వదిలేసి అదే ఎందుకు కొన్నావు మావయ్యా?" అని అడిగితే, "బరువెంత అంటే ఎనిమిది గ్రాముల చిల్లర అన్నాడ్రా. మన కాసు లెక్క సరిపోయింది కదా అని తీసేసుకున్నా" అన్నాడు.

అమ్మమ్మకి డాలర్లతో పనిలేదు. నాణెం మీద కిరీటం పెట్టుకున్న ఒకావిడ తల ఉంటుంది, చుట్టూ 13 నక్షత్రాలు. అమ్మమ్మ దృష్టిలో ఆవిడ లక్ష్మీదేవి. పాతికేళ్లుగా ప్రతి శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి ఆవిడ అక్షింతల పళ్లెంలోకి వస్తుంది, పసుపు కుంకుమ పెట్టించుకుని మళ్లీ భరిణెలోకి వెళ్లిపోతుంది. "కిరీటం మీద లిబర్టీ అని ఇంగ్లీషులో రాసుంది అమ్మమ్మా" అంటే, "ఉండనీ, అమ్మవారికి అన్ని భాషలూ వచ్చు" అంది.

ఈ ఏడు మా పెద్దమ్మ కూతురికి, అంటే మా అక్కకి, పెళ్లి కుదిరింది. పాత బంగారమంతా కరిగించి కాసులపేరు చేయిద్దామని ఇంట్లో అనుకున్నారు. తెగిపోయిన గొలుసులు, జత తప్పిన దుద్దులు, వాటితో పాటు ఈ నాణెం కూడా బయటికొచ్చింది. ఆచారి గారు గీటురాయి మీద గీసి చూసి, "బంగారమే. కానీ 916 కాదమ్మా, 900 ఉంటుంది. తరుగు పోగా కట్టిస్తాను" అన్నారు. అప్పుడు నేను అడ్డం పడ్డా. నూట నలభై ఏళ్లు దాటిన నాణెం కదా, లక్షలు చేస్తుంది, కరిగించొద్దు అని. నాకెలా తెలుసు? తెలీదు. 'ఈ పాత నాణెం మీ ఇంట్లో ఉంటే మీరు కోటీశ్వరులే' అనే వీడియోలు మీరూ చూసే ఉంటారు, నేనూ చూశా. అంతే. ఇంట్లోవాళ్లు నవ్వి, "సరే, వారం టైమిస్తున్నాం, తేల్చు" అన్నారు.

తేలుద్దామనే ఫోటో తీశా. ఎలాగూ మినీ ప్రాజెక్టుకి ఇమేజ్ క్లాసిఫయర్ ఏదైనా చెయ్యాలి, రెండు పనులూ ఒకేసారి అయిపోతాయని ఆశ. ఫోటోలో నాణెం మసగ్గా కనిపించింది. అంచుల్లో పాత కుంకుమ. పాత బ్రష్షు, కాస్త టూత్‌పేస్టు తీసుకుని బాత్రూంలో ఐదు నిమిషాలు తోమా. తళతళలాడిపోయింది. అమ్మ కూడా మెచ్చుకుంది.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పేస్తా. పాత బంగారు నాణెం చేతికొస్తే, అదేమిటో తెలిసేదాకా కడగకూడదు, కొక్కెం వేయించకూడదు, కరిగించకూడదు. తెలిశాక కరిగించుకోండి, మీ ఇష్టం. తెలిసి కరిగించడం వేరు, తెలియక కరిగించడం వేరు.

అసలు ఇలాంటి నాణేలకి ధర ఎక్కణ్ణుంచి వస్తుంది? పాతది కాబట్టి అనుకున్నా. కాదు. అమెరికాలో బంగారు నాణేల ముద్రణ 1795లో మొదలైంది, 1933లో ఆగిపోయింది. ఆ మధ్యలో ఒక డాలరు, రెండున్నర, మూడు, ఐదు, పది, ఇరవై డాలర్ల నాణేలు తీశారు. మా 1881 నాణెం వాటిలో వయసు మళ్లినదే. కానీ ఆ ఒక్క ఏడాదిలో ఫిలడెల్ఫియా టంకశాల అలాంటివి 57 లక్షలకు పైగా ముద్రించింది. 1933 నాటి ఇరవై డాలర్ల నాణెం వయసు ఇంకా వందేళ్లు కూడా కాదు. అలాంటిదొకటి 2021 జూన్‌లో న్యూయార్క్ వేలంలో దాదాపు 1 కోటి 89 లక్షల డాలర్లకి పోయింది. పోనీ తక్కువ ముద్రించారా అంటే, 4,45,500.

తేడా కరిగించడంలో ఉంది. 1933 ఏప్రిల్ 5న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఒక ఆదేశం ఇచ్చాడు: జనం దగ్గరున్న బంగారు నాణేలు, కడ్డీలు మే 1 లోపు బ్యాంకులకి అప్పజెప్పాలి. మనిషికి వంద డాలర్ల దాకా ఉంచుకోవచ్చు, సేకరణ విలువున్న అరుదైన నాణేలకి మినహాయింపు. మిగతావి దాచుకుంటే పది వేల డాలర్ల దాకా జరిమానా, పదేళ్ల దాకా జైలు. ఔన్సుకి 20.67 డాలర్ల లెక్కన జనం దగ్గర తీసుకున్నారు, మరుసటి ఏడాది జనవరిలో అదే ఔన్సు 35 డాలర్లు అని ప్రకటించారు. (మా తాతయ్య ఉండుంటే దీనికొక మంచి తిట్టు తిట్టేవాడు.) వచ్చిన నాణేలు కడ్డీలైపోయాయి. ఆ ఏడు ముద్రించిన ఇరవై డాలర్ల నాణేలు టంకశాల గుమ్మం దాటకుండానే కరిగిపోయాయి. రెండు మ్యూజియంకి పంపారు, కొన్ని దొంగచాటుగా బయటపడ్డాయి. అలా బయటపడ్డవాటిలో ఒకటి ఈజిప్టు రాజు ఫరూక్ దగ్గర చేరింది. వేలానికి వచ్చింది దానికి సంబంధించినదే. చట్టప్రకారం సొంతం చేసుకోగలిగింది అదొక్కటే అని కొన్నారు.

ఇలా కరిగించడం అంతకు వందేళ్ల ముందే ఒకసారి జరిగింది. మొదట్లో అమెరికా బంగారు నాణెం 22 క్యారెట్లు, అంటే మన 916 అన్నమాట. ఐదు డాలర్ల నాణెం 8.75 గ్రాములుండేది. వాళ్ల చట్టం బంగారానికి వెండితో పోలిస్తే 15 రెట్లే విలువ కట్టింది, ఐరోపాలో అంతకన్నా ఎక్కువ పలికేది. ఇంకేముంది, నాణేలు ఓడలెక్కి వెళ్లి అక్కడ కరిగిపోయేవి. 1834లో బరువు తగ్గించి 8.36 గ్రాములు చేశారు. దాంతో పాత నాణెం ముఖవిలువ కన్నా దానిలోని బంగారమే ఎక్కువైంది. మిగిలినవీ మూసల్లోకి వెళ్లాయి. అందుకే 1834కి ముందువి ఈనాడు దొరకడం కష్టం. అంటే అరుదు అనేది ఎన్ని పుట్టాయనే దాని మీద కాదు, ఎన్ని మూసలో పడకుండా తప్పించుకున్నాయనే దాని మీద ఆధారపడుతుంది. ఆచారి గారి కొలిమి ముందు ఇది తెలిసుంటే నేను కాస్త మర్యాదగా వాదించేవాణ్ణి.

సరే, గుర్తుపట్టడం. మా నాణెం రకం తెలుసుకోడానికి పది నిమిషాలు పట్టలేదు. ఎడమవైపు చూస్తున్న స్త్రీ, కిరీటం, కింద సంవత్సరం. వెనక రెక్కలు చాచిన గద్ద, కింద 'ఫైవ్ డి.' ఇది క్రిస్టియన్ గోబ్రెక్ట్ గీసిన బొమ్మ, 1839 నుంచి 1908 దాకా నడిచింది. 1866 నుంచి గద్ద పైన రిబ్బన్ మీద 'ఇన్ గాడ్ వుయ్ ట్రస్ట్' అని చేరింది. నాణేన్ని నిలువుగా పట్టుకుని పుస్తకం పేజీ తిప్పినట్టు తిప్పితే గద్ద తలకిందులుగా కనిపించాలి. అమెరికా నాణేలన్నీ అలాగే ఉంటాయి.

అసలు కథంతా గద్ద కింద ఉంది. అక్కడ ఒక చిన్న అక్షరం ఉంటే అది ఏ టంకశాలదో తెలుస్తుంది. 'ఎస్' అంటే శాన్‌ఫ్రాన్సిస్కో, 'ఓ' అంటే న్యూ ఆర్లీన్స్, 'సీ' అంటే షార్లెట్. 'డీ' ఉంటే సంవత్సరం చూసుకోవాలి: 1861 దాకా అయితే జార్జియాలోని డహ్లోనెగా, 1906 తర్వాతైతే డెన్వర్. ఒకే వేరియబుల్ పేరు రెండు చోట్ల వాడేశారు. ఏ అక్షరం లేకపోతే ఫిలడెల్ఫియా. 'సీ సీ' అని రెండక్షరాలుంటే నెవాడాలోని కార్సన్ సిటీ. అదే 1881లో, అదే బొమ్మతో, అదే బరువుతో కార్సన్ సిటీ వాళ్లు ముద్రించిన ఐదు డాలర్ల నాణేలు 14 వేలు కూడా లేవు. ఫిలడెల్ఫియావి 57 లక్షలు. గీటురాయికి ఈ రెండూ ఒకటే.

మా నాణెం మీద గద్ద కింద ఏదో తెల్లగా కనిపించింది. జూమ్ చేస్తే 'సీ' లాగే ఉంది. పక్కన ఇంకోటి. నేను మంచం మీద లేచి నిలబడ్డా. పది నిమిషాల పాటు మేము ధనవంతులం. తర్వాత నీళ్లలో ముంచి తీస్తే రెండూ పోయాయి. ఎండిపోయిన టూత్‌పేస్టు.

ఇంత చిన్న విషయాల మీద ధర నిలబడుతుందంటే మొదట నాకు నవ్వొచ్చింది. తర్వాత రెండు సంగతులు చదివాక నవ్వు పోయింది. 2013లో కాలిఫోర్నియాలో ఒక జంట వాళ్ల స్థలంలో కుక్కతో నడుస్తుంటే నేలలోంచి తుప్పు పట్టిన డబ్బా కనిపించింది. తవ్వితే ఇంకా డబ్బాలు, మొత్తం 1,427 బంగారు నాణేలు. ముఖవిలువ 27,980 డాలర్లు, మార్కెట్లో కోటి డాలర్ల దాకా చేస్తాయన్నారు. వాటిలో ఒక్క ఇరవై డాలర్ల నాణేనికే పది లక్షల డాలర్ల దాకా అంచనా వేశారు. అది 1866 నాటి శాన్‌ఫ్రాన్సిస్కోది. ఆ ఏడాది నుంచి 'ఇన్ గాడ్ వుయ్ ట్రస్ట్' చేర్చాలని కదా. కొత్త అచ్చులు ఫిలడెల్ఫియా నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో చేరేలోపు అక్కడివాళ్లు పాత అచ్చులతోనే కొన్ని ముద్రించేశారు. అంటే అప్‌డేట్ అందని సర్వర్ నుంచి వెళ్లిన పాత వెర్షన్. ఆ నాలుగు మాటలు లేకపోవడమే దాని విలువ.

రెండోది ఇంకా బాగుంటుంది. 1854లో, టంకశాల తెరిచిన మొదటి ఏడాదే, శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లు ఐదు డాలర్లవి 268 మాత్రమే ముద్రించారు. చాలాకాలం వాటిలో మూడే మిగిలాయని లెక్క. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఒకాయన దగ్గర నాలుగోది ఉంది. ఇంత అరుదైంది నీ దగ్గరెలా ఉంటుంది, నకిలీ అయ్యుంటుంది అని ఆయనకి వ్యాపారులు చెప్పారట. 2018లో నిపుణులు దాన్ని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్న నాణెం ఫోటోలతో గీత గీతా పోల్చి అసలుదేనని తేల్చారు. అదే ఏడాది 20 లక్షల డాలర్లు దాటి అమ్ముడైంది. ఆయన విసుగొచ్చి దాన్ని బంగారం కొట్లో వేసుంటే? కొట్టువాడు తూకం సరిగ్గానే వేసేవాడు, రేటు సరిగ్గానే ఇచ్చేవాడు.

ఇక్కడ మనవాళ్ల నమ్మకం ఒకటి దెబ్బతింటుంది. బంగారమైతే చాలు, అసలుదే అనుకుంటాం. అమెరికా నాణేల నకిలీలు చాలావాటిలో బంగారం సరిగ్గానే ఉంటుంది. పదార్థం విలువ కన్నా నాణెం విలువ ఎక్కువైనప్పుడు దొంగకి బంగారం వెయ్యడం గిట్టుబాటే. 1907లో శిల్పి ఆగస్టస్ సెయింట్-గాడెన్స్ చేసిన ఇరవై డాలర్ల నాణెం ఉంది, బొమ్మ బాగా పైకి లేచి ఉంటుంది, అమెరికా నాణేల్లో అంత అందమైనది లేదంటారు. దానికి నకిలీ చేసినవాడెవడో గద్ద గోళ్లలో గ్రీకు అక్షరం ఒమేగా చిన్నగా చెక్కి సంతకం చేసుకున్నాడు. పనితనం మీద గర్వం! కాబట్టి గీటురాయి 'ఇది బంగారం' అని మాత్రమే చెప్తుంది. 'ఇది నాణెం' అని చెప్పదు. పైగా గీటు పడిన చోట గీత మిగులుతుంది.

గీత పడకుండా చూసే పద్ధతి మన ఎనిమిదో తరగతి ఫిజిక్సే. మా నాణెం తూకం 8.33 గ్రాములు వచ్చింది. ఉండాల్సింది 8.359, వాడకంలో ఆ కాస్త అరగడం మామూలే. తర్వాత గ్లాసు నీళ్లు కాటా మీద పెట్టి, సున్నా చేసి, నాణేన్ని దారంతో అడుగు తగలకుండా ముంచితే కాటా 0.48 చూపించింది. 8.33ని 0.48తో భాగిస్తే 17కి కొంచెం పైన. తొంభై పాళ్లు బంగారం, పది పాళ్లు రాగి కలిస్తే సాంద్రత అంతే ఉండాలి. ఇత్తడి మీద పూతైతే ఇంత రాదు. ఇదంతా మా వంటింట్లో, ఆచారి గారి దగ్గర అరువు తెచ్చిన కాటా మీద చేశా. నాకు ఈ ప్రాజెక్టులో వచ్చిన ఒకే ఒక్క సరైన అవుట్‌పుట్ అది.

ఎందుకంటే ధర లెక్కేసే స్క్రిప్టులో తప్పు చేశా. ఐదు డాలర్ల నాణెంలో శుద్ధమైన బంగారం సుమారు 7.52 గ్రాములు. అంతర్జాతీయ రేటు ఔన్సుకి చెప్తారు. నేను ఔన్సంటే 28.35 గ్రాములని పెట్టుకున్నా. బంగారం ఔన్సు వేరు, 31.1 గ్రాములు. నా స్క్రిప్టు దాదాపు పది శాతం ఎక్కువ చూపించింది, నేను దాన్నే ఇంట్లో గొప్పగా చెప్పేశా. తర్వాత దిద్దుకోవాల్సి వచ్చింది. మా నాన్న ఇప్పటికీ ఏ లెక్క చెప్పినా "ఇది ఏ ఔన్సు?" అంటున్నాడు.

బంగారం విలువ పైన వచ్చే ధరంతా నాణెం ఉన్న స్థితిని బట్టి. దానికి 1 నుంచి 70 దాకా మార్కులు. విలియం షెల్డన్ అనే ఆయన 1949లో పాత రాగి సెంట్ల కోసం ఈ కొలమానం తయారుచేస్తే, ఇప్పుడు బంగారు నాణేలకీ అదే వాడుతున్నారు. 60, ఆపైన అయితే అసలు చలామణి కానిది. 50 నుంచి 58 దాకా 'ఏయూ', అంటే దాదాపు చలామణి కానట్టే. ఒక్క మార్కు తేడాతో ధర రెట్టింపయ్యే నాణేలున్నాయి. మరి కడిగిన నాణేనికి ఎంతిస్తారు? మార్కు ఇవ్వరు. 'కడిగారు' అని రాసి వదిలేస్తారు. కొక్కెం అతికించినదానికీ, రంధ్రం పెట్టినదానికీ అంతే. మన భాషలో చెప్పాలంటే జీరో కాదు, నల్.

కారణం కూడా సరైనదే. అచ్చు గట్టిగా దిగినప్పుడు లోహం పైన కంటికి కనపడని సన్నటి గీతలు మధ్య నుంచి అంచులకి పాకుతాయి. నాణేన్ని దీపం కింద కొంచెం కొంచెం వంచితే వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది. ఆ మెరుపు పుట్టుకతో వచ్చేది, తోమితే పోతుంది. తోమితే వచ్చే మెరుపు వేరు, అది అన్ని వైపులా ఒకేలా కొడుతుంది. టూత్‌పేస్టులో ఉండేదే సన్నటి రాపిడి పొడి.

అమ్మమ్మ పాతికేళ్లు గుడ్డతో తుడిచింది కదా, తప్పు తనది కూడా అని తప్పించుకుందామని చూశా. కుదరలేదు. నా ఫోన్లో తోమకముందు తీసిన ఫోటో ఉంది, తోమాక తీసిందీ ఉంది. మొదటిదాంట్లో, కుంకుమ పక్కన, నక్షత్రాల మధ్య, ఆ చక్రం మెరుపు కనిపిస్తోంది. రెండోదాంట్లో లేదు.

నష్టం ఎంత? నిజం చెప్పాలంటే డబ్బులో పెద్దగా లేదు. 1881 ఫిలడెల్ఫియా నాణెం దొరకనిదేం కాదు. 1933 ముందే ఐరోపా బ్యాంకులకి చేరిన అమెరికా నాణేలు కరగకుండా మిగిలి, తర్వాత గుట్టలుగా తిరిగొచ్చాయి. ఇలాంటి మామూలు సంవత్సరాలవి బంగారం ధర మీద కాస్త ఎక్కువకి దొరుకుతాయి. నేను పోగొట్టింది ఆ 'కాస్త'. ఆ వీడియోల్లోవాళ్లు లోకంలోకెల్లా మేలైన ఒక్క నాణెం ధర చెప్పి, అది మనింట్లోదే అనిపిస్తారు. మావయ్య కొన్నది అది కాదు. అందుకే వారం తర్వాత ఇంట్లో ఉన్నదున్నట్టు చెప్పేశా: ఇది లక్షల కొద్దీ ఉన్న నాణెం, దాన్ని కూడా నేనే పాడుచేశా, కరిగించుకుంటే పెద్ద నష్టమేం లేదు.

అమ్మమ్మ అంతా విని, "దాన్ని కూడా మూసలో వేస్తే శ్రావణానికి పళ్లెంలో ఎవర్ని పెట్టను?" అంది. మిగతా బంగారం కాసులపేరైంది. నాణెం ఉండిపోయింది.

ఆ రాత్రి మావయ్యకి ఫోన్ చేసి ఒప్పేసుకున్నా. ఆయన నవ్వాడు. "షాపువాడు చిన్న కాగితం కవర్లో పెట్టిచ్చాడు, దాని మీద పెన్సిల్‌తో ఏదో రాశాడు, మీ అమ్మమ్మ ఏదీ పారెయ్యదు కదా, వెతుకు" అన్నాడు. వెతికితే ఎల్ఐసీ బాండ్ల మధ్య దొరికింది. పసుపు అంటిన కవరు. మీద రెండు ముక్కలు రాసున్నాయి: 1881, ఏయూ. నాణేన్ని అందులో పెట్టి భరిణెలో పెట్టేశా. సంవత్సరం ఇంకా సరిపోతుంది.